బొద్దు అక్షరం బోర్డెక్కితే

అక్షరాల మీద పాఠకులు అడిగేవాటికి నాకు తోచిన జవాబులు రాసే పేజీ ఇది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే రకం. లావుగా, గుండ్రంగా, బుగ్గలు పూరించుకుని నవ్వుతున్నట్టుండే ఫాంట్లు ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అని. నుమాయిష్‌లో స్టాళ్ళ బోర్డులు చూసొచ్చాక పుట్టిన అనుమానాలో ఏమో మరి. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పక్కన పెట్టి ఇవే పట్టుకున్నాను.

ప్ర: సాయంత్రాలు వడలు, పునుగులు, మిర్చి బజ్జీ బండి పెడుతున్నాం. బోర్డుకి ఫ్లెక్స్ షాపతను మామూలు బోల్డ్ అక్షరాలు చూపించాడు. మా అబ్బాయేమో 'బాలూ తమ్ముడు' అనే ఫాంట్ పెట్టమంటున్నాడు. ముద్దుగానే ఉంది గానీ ప్లేస్కూల్ బోర్డులా ఉంటుందని మా వారి భయం. ఏం చేయమంటారు? (నల్లకుంట నుంచి ఒక గృహిణి)

జ: మీ అబ్బాయి మాటే వినండమ్మా. కాకపోతే చిన్న పరీక్ష పెట్టి వినండి.

ముందు ఆ తమ్ముడి సంగతి. ముంబైలో ఎక్ టైప్ అని అక్షరాలు గీసే బృందం ఉంది, బాలూ వాళ్ళు గీసిందే. హిందీలో భాలూ అంటే ఎలుగుబంటి కదా, అక్షరాలు కూడా అలాగే ఒళ్ళంతా బొచ్చు కప్పుకున్నట్టు మెత్తగా, బరువుగా ఉండి చివర్లు మాత్రం గోళ్ళలా కొంచెం మొనదేలి ఉంటాయి. దాన్నే మన దేశంలో ఇంకా చాలా లిపులకీ గీసి ఒక్కోదానికి ఒక్కో అన్నదమ్ముల పిలుపు పెట్టారు. తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, గుజరాతీకి భాయ్, బెంగాలీకి దా, పంజాబీకి పాజీ. మలయాళం వాళ్ళకి అన్న దక్కితే మనకి తమ్ముడు దక్కాడు. ఇప్పుడు దొరికే 'బాలూ తమ్ముడు 2'లో మామూలు లావు నుంచి బాగా లావు వరకు 5 వెయిట్లున్నాయి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

దీని గుణం ఏమిటంటే, గొంతు పెద్దదే గానీ కసురుకోదు. మామూలు బోల్డ్‌కి ఆ అలవాటు ఉంది. 'ఇచ్చట వాహనములు నిలుపరాదు' అని గేటు మీద రాసి ఉంటుంది చూడండి, ఆ అక్షరాలు. వాటితో 'వేడి వేడి పునుగులు' అని రాస్తే తినకపోతే ఫైన్ వేస్తారేమో అనిపిస్తుంది. బొద్దు అక్షరం అలా కాదు, వీధి చివర నుంచి చెయ్యి ఊపి పిలుస్తుంది, దానికి తోడు మీరు అమ్మేవన్నీ గుండ్రంగా, ఉబ్బి ఉండేవే కాబట్టి అక్షరానికీ సరుక్కీ పోలిక కూడా కుదిరింది. ఇంత సరిగ్గా అతికే సందర్భం రోజూ దొరకదు.

మీ వారి భయంలో నిజం లేకపోలేదు, అయితే తప్పు ఫాంట్‌ది కాదు. ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు వేసి, పక్కన బెలూన్లు పెట్టి, అక్షరాలని గెంతుతున్నట్టు పైకీ కిందకీ జరపడంతో ప్లేస్కూల్ అవుతుంది. ఒకే రంగు వాడండి. లేత పసుపు మీద ముదురు మెరూన్ చాలు. అక్షరాలన్నీ ఒకే వరసలో నిలబెట్టండి. అక్షరమే నవ్వుతున్నప్పుడు దాని చేత డాన్సు కూడా చేయించక్కర్లేదు.

ఇక పరీక్ష. బోర్డు మీద రావాల్సిన మాటలు ఆ ఫాంట్‌లో టైప్ చేయించి, ఫోన్‌లో గోరంత చేసి, చెయ్యి పూర్తిగా చాపి పట్టుకుని చూడండి. మీకు ముఖ్యంగా చూసుకోవాల్సింది 'వడ'. మన ప, వ మధ్య తేడా అంతా తలకట్టు ఒంటికి అతుక్కుందా, విడిగా నిలబడిందా అన్నదాంట్లోనే ఉంది. అక్షరం లావెక్కేకొద్దీ ఆ సందు పూడుతూ వస్తుంది. సందు పూడిన 'పప్పు వడ' ఎలా చదువుతారో ఒక్కసారి ఊహించుకోండి. అతి లావులో తేడా తెలియకపోతే ఒక మెట్టు దిగండి, బోల్డ్ చాలు.

సైజుకి బోర్డులు చేసేవాళ్ళు వాడే మోటు లెక్క ఒకటుంది, 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు. మీ బండికి ఎదురు ఫుట్‌పాత్ 40 అడుగులుంటే అక్షరం 4 అంగుళాలు ఉండాలి. ఆ 4 అంగుళాలు అక్షరం ఒంటికే, 'మిర్చి బజ్జీ'లో కింద వేలాడే వత్తులు, పైన గుడులు దీనికి అదనం. ఫ్లెక్స్ అతను పై నుంచి కింది దాకా మొత్తం కలిపి 4 అంగుళాలు చూపిస్తాడు, ఒప్పుకోకండి. ధరల పట్టిక మాత్రం బొద్దు ఫాంట్‌లో వద్దు, మామూలు సాదా ఫాంట్‌లో పెట్టండి. పిలవడం తమ్ముడి పని, లెక్క చెప్పడం వాడికి చేత కాదు.

ప్ర: ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. కూపర్ బ్లాక్ లాంటి సరదా లావు ఫాంట్లు ఇంగ్లిష్‌లో వందల్లో ఉంటే తెలుగులో వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఎందుకున్నాయి? అసలు ఈ లావు అక్షరాలు ఎక్కడ పుట్టాయి? (మాసబ్ ట్యాంక్ నుంచి ఒక విద్యార్థి)

జ: పుట్టిల్లు లండన్. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ లాటరీ ప్రకటనలూ గోడ పోస్టర్లూ ఒకదాన్ని మించి ఒకటి అరవాల్సి వచ్చినప్పుడు మామూలు పుస్తకం అక్షరాన్నే మేపి మేపి లావు చేశారు. దానికి పేరు కూడా మొహమాటం లేకుండా 'ఫ్యాట్ ఫేస్' అనే పెట్టారు. అంత పెద్ద అక్షరాలు సీసంతో పోత పోస్తే ఎత్తలేనంత బరువు, పైగా ఖర్చు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ అనే ఆయన చెక్కని యంత్రంతో కోసి అక్షరాలు చేయడం మొదలుపెట్టాక ఆ అడ్డు కూడా తొలగిపోయింది. ఇక నువ్వడిగిన కూపర్ బ్లాక్ 1922ది. చికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీస్తే బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే, అచ్చు అక్షరాలు పోత పోసే ఫౌండ్రీ విడుదల చేసింది. మూలలన్నీ నానిన చెగోడీలా మెత్తబడిపోయి ఉంటాయి. ఇప్పుడు మనం సరదా ఫాంట్ అంటే కళ్ళ ముందు మెదిలే రూపం చాలా వరకు అక్కడిదే.

తెలుగులో ఎందుకు తక్కువ అన్నదానికి అందరూ చెప్పే జవాబు, గీసేవాళ్ళు తక్కువ, గీయించుకుని డబ్బులిచ్చేవాళ్ళు ఇంకా తక్కువ అని. నిజమే. కానీ నాకు అంతకంటే ముఖ్యమనిపించే సంగతి లిపిలోనే ఉంది, దాని మీద కాస్త కూర్చుంటాను.

ఇంగ్లిష్ అక్షరాల్లో నిలువు గీతలు, అడ్డగీతలు, మూలలు ఎక్కువ. ఐ, టీ, హెచ్, ఇ అన్నీ కర్రలతో కట్టిన పందిళ్ళే. వాటిని సరదాగా చేయాలంటే మూలలు గుండ్రం చేసి, కర్రని ఉబ్బిస్తే సగం పని అయిపోతుంది. చూసేవాడికి 'అరె, కర్ర కాస్తా కొవ్వొత్తిలా కరిగిందే' అని నవ్వొస్తుంది. మనవి మొదటి నుంచీ జిలేబీలు, లడ్డూలే. అ నుంచి ఱ దాకా వెతికినా నిక్కచ్చిగా నిలబడ్డ గీత ఒక్కటి దొరకడం కష్టం. కాబట్టి గుండ్రంగా గీసినంత మాత్రాన తెలుగులో ఎవరికీ నవ్వు రాదు, అది మామూలు తెలుగు అనుకుంటారు. సరదా ఇంకెక్కడి నుంచో తేవాలి. బరువంతా అక్షరం కింది భాగానికి దించి కూలబడి కూర్చున్నట్టు చేయొచ్చు, తలకట్టుని కోడి తోకలా ఎగరేయొచ్చు, కొమ్ముని ఒక చుట్టు ఎక్కువ తిప్పొచ్చు. ఇవన్నీ చేతిరాతలో బోర్డులు రాసే పెయింటర్లకి బాగా తెలుసు. ఫాంట్‌లోకి తెచ్చినవాళ్ళే తక్కువ.

రెండో చిక్కు కన్నాలది. మన అక్షరాల గుర్తింపు నల్లటి గీతలో కంటే మధ్యలో మిగిలే తెల్లటి సందుల్లో ఎక్కువ ఉంటుంది. ఠ పొట్టలో చుక్క పూడిపోతే అది ర. కోఠి కాస్తా కోరి అవుతుంది. ఢ, ధ, ఫ, ఛ కింద వేలాడే చిన్న గీత ఒంట్లో కలిసిపోతే డ, ద, ప, చ. వకి కొమ్ము పక్కన తగిలిస్తే మ అయిపోతుందనే కదా మనం దాన్ని కిందకి దించి రాసేది, లావు అక్షరంలో అంత చోటు ఎక్కడిది? ఇంగ్లిష్ వాడు అక్షరం లావు చేయాలంటే ఏ, బీ, డీ లాంటి కొన్నిటి కన్నాలు కాపాడుకుంటే సరిపోతుంది. మనకి దాదాపు ప్రతి అక్షరమూ కాపలా కాయాల్సిందే. ఆపైన వత్తులు. లావు ఒంటి కింద అంతే లావు వత్తు పెడితే కింది వరస మీద పడుతుంది, సన్నది పెడితే ఏనుగుకి చీమ కాళ్ళు తగిలించినట్టు ఉంటుంది. మంచి బొద్దు ఫాంట్ గీసినవాడి చెయ్యి ఎంత తిరిగిందో చూడాలంటే క చూడకు, 'లక్ష్మీ వస్త్రాలయం' టైప్ చేసి చూడు.

ఉన్నవాటిలో చూడాల్సినవి చెప్తాను. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్ళు 2010ల్లో విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో 'రామభద్ర' ఉంది, శీర్షికలకీ పోస్టర్లకీ పనికొచ్చే దిట్టమైన అక్షరం. అదే వరసలో 'రవి ప్రకాష్' ఇంకొంచెం హుషారు మనిషి. ఆ జాబితా తెరిస్తే పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ కూడా కనిపిస్తారు. రాయలవారి సభలో సగం మంది ఫాంట్ మెనూలో కొలువుతీరారన్నమాట. ఎక్ టైప్ వాళ్ళదే 'అనేక్ తెలుగు' కూడా చూడు, సన్నం నుంచి లావుకి, ఇరుకు నుంచి వెడల్పుకి ఎటైనా జరుగుతుంది. దాని లావు మాత్రం కుస్తీ పట్టేవాడి లావు, నవ్వించదు. బాలూ పక్కన అది పెట్టి చూస్తే లావు వేరు, బొద్దు వేరు అని తెలుస్తుంది.

ప్ర: డీటీపీ పని చేస్తాను. కస్టమర్లు ఏ ఫాంట్ చూపించినా 'ఇంకా లావుగా' అంటారు. కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో అక్షరం చుట్టూ అదే రంగు అవుట్‌లైన్ ఇచ్చి లావు చేసి ఇచ్చేస్తుంటాను. ఇందులో తప్పేమైనా ఉందా? (చిక్కడపల్లి)

జ: ఉంది అన్నా. ఆ తప్పు నేనూ చేసి తిట్లు తిన్నవాణ్ణే కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

కొన్నేళ్ళ కిందట ఒక లైబ్రరీ వాళ్ళు పిల్లలకి 'కథల పండగ' పెట్టుకుని బ్యానర్ చేయమన్నారు. లావు అక్షరాలు కావాలన్నారు. అప్పట్లో నా దగ్గర సరైన బొద్దు ఫాంట్ లేదు. ఉన్న బోల్డ్‌కే అవుట్‌లైన్ దట్టంగా ఇచ్చాను, స్క్రీన్ మీద బ్రహ్మాండంగా కనిపించింది. బ్యానర్ కట్టాక రోడ్డు అవతల నుంచి చూస్తే థ పొట్టలో చుక్క లేదు. మింగేశాను. 'కధల పండగ' అని పన్నెండు అడుగుల బ్యానర్, అదీ లైబ్రరీ గోడకి! ఆ రోజు అతిథిగా వచ్చిన రిటైర్డ్ తెలుగు మాస్టారు మైకు అందుకుని పది నిమిషాలు కథకీ కధకీ తేడా మీదే మాట్లాడారు, పిల్లలు పాపం అదే మొదటి కథ అనుకుని విన్నారు.

ఎందుకిలా అవుతుందంటే, అవుట్‌లైన్ అన్ని వైపులకీ ఒకేలా పెరుగుతుంది. బయటికి ఎంత పెరిగిందో కన్నం లోపలికీ అంతే పెరుగుతుంది. బయట బోలెడు జాగా ఉంది, లోపల లేదు. బొద్దు ఫాంట్‌ని లావుగానే గీసేవాడు ఏం చేస్తాడంటే, అక్షరాన్ని బయటికి వెడల్పు చేస్తాడు, గీతలు ఒకదాన్నొకటి కలిసే చోట దొంగచాటుగా సన్నం చేస్తాడు, చుక్కని మామూలుకంటే పెద్దది చేసి చుట్టూ ఖాళీ వదులుతాడు. అంటే లావుగా కనిపించే అక్షరంలో లోపల చాలా చోట్ల కోత ఉంటుంది. ఆ కోత నీ అవుట్‌లైన్‌కి చేత కాదు.

కస్టమర్ మరీ పట్టుబడితే ఇలా చెయ్యి. అక్షరాలు అలాగే ఉంచి, వెనకాల ఇంకో రంగులో దట్టమైన అవుట్‌లైన్ ఉన్న కాపీ పెట్టు, స్టిక్కర్ అంచులాగా. చూపుకి లావు పెరుగుతుంది, ముందున్న అక్షరం కన్నాలు అలాగే ఉంటాయి. బొద్దు అక్షరాలకి అది అందం కూడా.

ప్ర: మీలాంటివాళ్ళ మాట విని యూనికోడ్ ఫాంట్ దింపుకున్నాను. ఫొటోషాప్‌లో వేస్తే వత్తులన్నీ విడిపోయి పక్కన పడుతున్నాయి. పాత ఫాంట్లలో ఈ గోల లేదు. (అమీర్‌పేట)

జ: గోల ఫాంట్‌ది కాదు, సెట్టింగ్‌ది. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకీ తలా ఒక నంబరు గడి ఇచ్చిన పట్టిక, అందులో తెలుగు మొత్తానికి కేటాయించింది 128 గళ్ళే. క్ష అనే అక్షరానికి విడిగా గడి లేదు, క, పొల్లు, ష అని మూడు వరసగా వెళ్తాయి. వాటిని కలిపి ఒక రూపం చేయాలన్న నియమం ఫాంట్‌లో రాసి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఆ నియమాన్ని చదవాలి. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి టైప్ దగ్గర 'వరల్డ్ రెడీ' అని ఉంటే అది ఎంచుకో, ఇంకా పాత వెర్షన్ అయితే 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అని ఉంటుంది. ప్రోగ్రామ్ మూసి తెరిచి కొత్త ఫైల్‌లో టైప్ చేసి చూడు. ఇలస్ట్రేటర్‌లో అయితే టైప్ సెట్టింగుల్లో 'షో ఇండిక్ ఆప్షన్స్' టిక్ పెట్టాలి. ప్రింటుకి పంపే ముందు అక్షరాల్ని కర్వ్స్ చేసేయ్, అంటే గీతల బొమ్మలుగా మార్చెయ్, ఎడిట్ చేసుకోవడానికి ఒక కాపీ మాత్రం టెక్స్ట్‌గానే దాచుకో. లేకపోతే రేపు ఫోన్ నంబర్ మారిందని కస్టమర్ వస్తే మళ్ళీ మొదటి నుంచి.

పాత ఫాంట్లలో గోల లేదన్నావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో నీ ఫైల్ తెరిచి చూశావా ఎప్పుడైనా? తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిపి కుమ్మరించినట్టు ఉంటుంది.

ప్ర: మా అమ్మాయి పెళ్ళి. శుభలేఖ మీద పేర్లు బొద్దు అక్షరాల్లో వేయిస్తానని అమ్మాయి, బాపు గారి అక్షరాల్లోనే ఉండాలని మా నాన్నగారు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. మీరే తీర్పు చెప్పాలి. (వనస్థలిపురం)

జ: ఇలాంటివాటిలో తలదూరిస్తే రెండు వైపుల నుంచీ తిట్లు తప్పవు. అయినా అడిగారు కాబట్టి, శుభలేఖ వరకు తాతగారిదే గెలుపు.

సంప్రదాయం అని కాదు. శుభలేఖలో పేర్ల కంటే ఎక్కువ జాగా తినేది తిథి, వార, నక్షత్రాలు, 'చి.ల.సౌ.'లు, బంధువుల పేర్ల బారు. బొద్దు అక్షరం నాలుగు మాటలకి మించి మోయలేదు. పేర్లు మాత్రం బొద్దుగా వేసి మిగతాది సన్నంగా వేస్తే ఆ పేర్లు కాగితం మీద కూర్చుని మిగతా అందరినీ చాప అంచుకి తోసేసినట్టు ఉంటుంది. బాపు అక్షరానికి ఉన్న సుఖం ఏమిటంటే, అందులోనూ అల్లరి ఉంది గానీ అది కుంచె నడకలో ఉంది, లావులో లేదు. అందుకే పెద్దగా వేసినా చిన్నగా వేసినా ఒకే ఇంటి మనిషిలా ఉంటుంది.

అమ్మాయికి సంగీత్ బోర్డు, మెహెందీ బోర్డు, ఫొటోలు దిగే గోడ, లడ్డూ డబ్బా మీద స్టిక్కర్ రాసివ్వండి. వీటిల్లో బొద్దు అక్షరాన్ని కొట్టేది లేదు. ఫొటోల్లో కనబడేవి కూడా అవే కదా, నిజానికి అమ్మాయే గెలిచినట్టు. తాతగారికి ఈ చివరి వాక్యం చదివి వినిపించకండి.

ప్ర: మా బేకరీ బోర్డు తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ మూడింట్లో పెట్టాలి. మూడూ ఒకే దుకాణం బోర్డులా కనిపించాలంటే ఏం చేయాలి? (టోలీచౌకీ)

జ: మన ఊళ్ళో బోర్డులు చూస్తే ఇంగ్లిష్ కుర్చీలో కూర్చుని ఉంటుంది, తెలుగు మెట్ల మీద, ఉర్దూ గుమ్మం బయట. మీరు ఇలా అడగడమే సంతోషం.

తేలిక దారి ఒకటుంది. బాలూ కుటుంబంలో అరబిక్ లిపికి 'భాయిజాన్' ఉన్నాడు, తెలుగుకి తమ్ముడు, ఇంగ్లిష్ అక్షరాలు రెండింట్లోనూ ఉంటాయి. మూడూ ఒకే చెయ్యి గీసినట్టు నిండుగా కుదురుతాయి. బేకరీకి, అదీ బన్నూ ఉస్మానియా బిస్కెట్టూ అమ్మే చోటికి ఇంతకంటే ఏం కావాలి. ఒక్క పేచీ ఏమిటంటే హైదరాబాద్‌లో ఉర్దూ చదివేవాళ్ళ కంటికి అలవాటైంది నస్తాలిక్, పై నుంచి వాలుగా జారుతూ వచ్చే రాత. భాయిజాన్ నేల మీద సమంగా నడుస్తాడు. కొత్త తరం పట్టించుకోదు, పెద్దవాళ్ళకి మాత్రం పరాయిగా ఉండొచ్చు. మీ కస్టమర్లు ఎవరో మీకే బాగా తెలుసు. నస్తాలికే కావాలనుకుంటే ఛత్తా బజార్ వైపు వెళ్ళి, చేత్తో రాసే కాతిబ్ ఎవరైనా దొరికితే కాస్త దిట్టమైన కలంతో పేరు రాయించుకోండి, దాన్ని స్కాన్ చేసి వాడుకోండి. ఫాంట్ ఏదీ దానికి సాటి రాదు.

కొలతల్లో జాగ్రత్త. ఇంగ్లిష్ పేరు ఎత్తు ఎంతుందో తెలుగు పేరుకీ అంతే ఎత్తు ఇచ్చాం అంటారు బోర్డు వాళ్ళు. అందులో పైన గుడికీ కింద వత్తుకీ పోగా అసలు అక్షరానికి సగం మిగులుతుంది. ఎత్తులు కొలవకండి. పది అడుగులు వెనక్కి వెళ్ళి కళ్ళు సగం మూసి చూడండి, మూడు భాషలూ ఒకే నలుపు ముద్దలా కనిపిస్తే సరిపోయినట్టు.

ప్ర: ఉచితంగా దొరికే ఫాంట్‌ని మా పచ్చళ్ళ ప్యాకెట్ మీద వేసుకుంటే రేపు ఎవరైనా కేసు వేస్తారా? టెన్షన్‌గా ఉంది. (సైనిక్‌పురి)

జ: గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న తెలుగు ఫాంట్లు చాలా వరకు ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఇచ్చినవి. ప్యాకెట్, బోర్డు, టీషర్టు, ప్రకటన, దేనికైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు, వ్యాపారానికైనా సరే. ఫాంట్ ఫైల్‌ని దానంతట దాన్ని అమ్మకూడదు, అంతే. పచ్చడి అమ్ముకోండి, ఫాంట్ అమ్మకండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన జిప్ ఫైల్‌లోని ఫాంట్ల సంగతి మాత్రం వేరు, అవి ఎవరివో, ఎలా వచ్చాయో చూసుకోకుండా ముట్టుకోకండి.

ఇంకొక మాట, ప్యాకెట్ వెనక కావాల్సిన దినుసులు, బరువు, తేదీ బొద్దు అక్షరాల్లో వేయకండి. అంత చిన్న సైజులో 'పచ్చళ్ళు'లో ళ వత్తు పోయి నల్ల మచ్చ మిగులుతుంది.

ప్ర: టిఫిన్ సెంటర్‌కి యాక్రిలిక్ ఎల్ఈడీ అక్షరాలు చేయిస్తున్నాం. లావు ఫాంట్ అయితే ఖర్చు పెరుగుతుందని బోర్డు అతను అంటున్నాడు. నిజమేనా? (కూకట్‌పల్లి)

జ: షీటు కాస్త ఎక్కువ పడుతుంది, అది నిజం. కానీ పని తేలికవుతుంది, ఆ మాట అతను చెప్పి ఉండడు. కోసే మిషన్ బిట్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి లోపలి మూలలు ఎలాగూ గుండ్రంగానే వస్తాయి, బొద్దు ఫాంట్‌కి అది సహజం. గీత వెడల్పుగా ఉంటే లోపల లైట్లు సరిగ్గా పడతాయి, సన్నటి గీతలో ఒక చోట వెలుగూ ఒక చోట చీకటీ కనిపిస్తాయి.

అసలు ఖర్చు ముక్కల్లో ఉంది. విడి తలకట్టు వల్ల ప ఒక్కటే రెండు ముక్కలు. ప్ప అయితే వత్తుతో కలిపి మూడు. ప్రతి ముక్కకీ విడిగా వైరు లాగాలి, విడిగా గోడకి బిగించాలి. నాలుగు నెలలకి ఒక తలకట్టు ఆరిపోతే 'పెసరట్టు' కాస్తా రాత్రిపూట ఇంకేదో అవుతుంది. అందుకని తలకట్టు, ఒళ్ళు, వత్తు అన్నిటికీ వెనకాల ఒకే రంగు షీటు పెట్టించి దాని మీద కూర్చోబెట్టమనండి. బొద్దు ఫాంట్లలో సందులు ఇరుకు కాబట్టి ఆ షీటు కూడా చిన్నదే పడుతుంది.

ప్ర: మా పాపకి ఐదేళ్ళు. అక్షరాలు దిద్దడానికి బొద్దు ఫాంట్‌లో పెద్దగా ప్రింట్ తీసి ఇవ్వొచ్చా? (అల్వాల్)

జ: దిద్దడానికి వద్దు. దిద్దాలంటే పెన్సిల్‌కి దారి ఉండాలి. ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ఆగాలో సన్నటి గీతలో తెలుస్తుంది. బొద్దు అక్షరంలో దారి ఉండదు, మైదానం ఉంటుంది. పాప అంచు చుట్టూ తిరిగి వచ్చి 'రాసేశా' అంటుంది, తీరా చూస్తే గీసింది అక్షరం కాదు, దాని ప్రహరీ గోడ.

రంగులు వేసుకోవడానికి మాత్రం ఎన్ని కావాలంటే అన్ని తీసివ్వండి. లోపల రంగు నింపుతుంటే ఏ అక్షరానికి ఎక్కడ కన్నం ఉందో చేతికే తెలుస్తుంది. ముఖ్యంగా ఠ ఇవ్వండి. పిల్లలందరూ ఆ చుక్కని కన్నే అనుకుంటారు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒకటుంది, దానికి మీసాలు కూడా వచ్చాయి.